ఎముకల బలానికి కాల్షియం, విటమిన్ డి – పెద్దవారు తెలుసుకోవలసిన సంగతులు



ఓ.పి.లో పేరు పిలిచే లోపు నా టేబుల్ దగ్గర ఆగి పెద్దవారు తరచుగా అడిగే మాట ఒకటి ఉంది. "సిస్టరుగారూ, మోకాళ్ళు లాగేస్తున్నాయండి, కాల్షియం బిళ్ళలు వాడొచ్చా?" కొందరు అప్పటికే వాడుతుంటారు. పక్కింటావిడ చెప్పిందనో, హైదరాబాదు నుండి అబ్బాయి పంపాడనో, మందుల షాపులో ఇచ్చారనో అంటారు. ఏ బిళ్ళ, ఎంత, ఎప్పుడు, ఎందుకు అని అడిగితే మాత్రం చాలామంది చెప్పలేరు. అందుచేత ఈ సంచికలో ఈ విషయం వివరంగా రాస్తున్నాను.

ముందుగా నేను చూసిన ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ళ క్రితం కోనసీమ పల్లె నుండి డెబ్బై దాటిన ఒక మామ్మగారిని ఇంట్లోవాళ్ళు తీసుకువచ్చారు. వారం రోజులుగా వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం. రెండు రోజులుగా మనుషులను సరిగా పోల్చుకోవడం లేదు. పక్షవాతమేమోనని భయపడ్డారు. వాడే మందులన్నీ తెమ్మంటే సంచిలో 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి ప్యాకెట్లు కనిపించాయి. వాటిని వారానికి ఒకటి చొప్పున వేసుకోవాలి. ఆ మాట ఎవరూ విప్పి చెప్పలేదు. బలానికి కదా అని కోడలు రోజూ రాత్రి పాలలో కలిపి ఇచ్చింది. అలా సుమారు నలభై రోజులు గడిచాయి. రక్తంలో కాల్షియం 8.5 నుండి 10.5 మధ్య ఉండవలసినది, ఆమెకు 14 దాటింది. మూత్రపిండాలు కూడా దెబ్బతిన్నాయి. సెలైన్లు పెట్టి, మందులు ఇచ్చి, పదిరోజులు వార్డులో ఉంచాము. మామ్మగారు కోలుకున్నారు గాని, మూత్రపిండాలు కుదుటపడడానికి చాలా నెలలు పట్టింది.

ఆ కోడలు ప్రేమతోనే ఇచ్చింది. తెలియకపోవడమే తప్పు. ఆ అమ్మాయి వార్డు బయట కూర్చుని ఏడవడం నాకు ఇప్పటికీ గుర్తుంది. మరొక ఇంట్లో అలా జరగకూడదనే ఈ వ్యాసం.

ఎముక ఒక గాదె వంటిది

మన శరీరంలోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్ళల్లో ఉంటుంది. మిగిలిన ఒక్క శాతం రక్తంలోను, కండరాల్లోను ఉండి గుండె కొట్టుకోవడానికి, కండరం ముడుచుకోవడానికి, రక్తం గడ్డకట్టడానికి పనిచేస్తుంది. ఈ ఒక్క శాతం తగ్గితే ప్రాణానికే ప్రమాదం. కాబట్టి ఆహారంలో కాల్షియం చాలనప్పుడు, మెడ దగ్గర ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల్లో ఉన్న కాల్షియాన్ని తీసి రక్తానికి ఇస్తాయి. పంట చాలని ఏడాది గాదెలో గింజలు తీసి వండుకున్నట్టు అన్నమాట. ఒకటి రెండు రోజులు తీస్తే ఏమీ కాదు. ఏళ్ళ తరబడి తీస్తూ, తిరిగి పోయకపోతే గాదె ఖాళీ అవుతుంది.

ఈ గాదె సుమారు ముప్పై ఏళ్ళ వయసుకు నిండుతుంది. తరువాత మెల్లగా తరుగుతుంది. స్త్రీలకు ముట్లు ఆగిపోయాక మొదటి అయిదారేళ్ళు ఈ తరుగు వేగంగా ఉంటుంది. ఎముక లోపల గుల్లబారి చిన్న దెబ్బకే విరిగే స్థితిని ఆస్టియోపోరోసిస్ అంటారు. దీనికి ముందుగా నొప్పి ఉండదు. మణికట్టో, వెన్నుపూసో, తుంటి ఎముకో విరిగిన రోజునే చాలామందికి తెలుస్తుంది.

విటమిన్ డి చేసే పని ఏమిటి? తిన్న కాల్షియాన్ని పేగుల నుండి రక్తంలోకి చేర్చడం. అది తక్కువైతే ఎంత కాల్షియం తిన్నా చాలా భాగం మలంలో పోతుంది. బాగా తక్కువైతే ఎముకలు మెత్తబడతాయి. దీనిని ఆస్టియోమలేసియా అంటారు. పక్కటెముకలు, నడుము, తుంటి దగ్గర నొప్పులు, గొంతుక్కూర్చుని లేవలేకపోవడం, నడక తూలడం దీని గుర్తులు.

ఇంత ఎండలో మనకు విటమిన్ డి కొరతా?

ఈ ప్రశ్న అందరూ అడుగుతారు. దీనికి జవాబు మన రాష్ట్రంలోనే దొరికింది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం ఆ ప్రాంతపు ఆరోగ్యవంతులైన పల్లెవాసులను, పట్టణవాసులను పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. పల్లెల్లో 44 శాతం పురుషులకు, 70 శాతం స్త్రీలకు విటమిన్ డి లోపం ఉన్నది. పట్టణంలో 62 శాతం పురుషులకు, 75 శాతం స్త్రీలకు ఉన్నది.

ఎండ ఉన్నచోట కూడా ఎందుకిలా? ఆ వైద్యులు ముఖ్యంగా రెండు సంగతులు గమనించారు. మన భోజనంలో కాల్షియం తక్కువ. గింజధాన్యాల్లో ఉండే ఫైటేట్ అనే పదార్థం ఎక్కువ, అది ఉన్న కాస్త కాల్షియాన్నీ పట్టుకుని పేగులకు అందనీయదు. కాల్షియం చాలనప్పుడు శరీరంలోని విటమిన్ డి కూడా త్వరగా ఖర్చవుతుంది. అంటే ఈ రెండూ జోడెడ్లు. ఒకటి కుంటితే రెండోది లాగలేదు.

ఎండ విషయంలో ఒక పొరపాటు ఉంది. పొద్దున్న ఆరు గంటల లేత ఎండలో కూర్చుంటే విటమిన్ డి వస్తుందని చాలామంది నమ్మకం. ఆ ఎండ హాయిగా ఉంటుంది గాని, చర్మంలో విటమిన్ డి తయారు కావడానికి కావలసిన కిరణాలు అప్పుడు దాదాపు ఉండవు. మీ నీడ మీకన్నా పొట్టిగా ఉన్నప్పుడే ఆ కిరణాలు బాగా అందుతాయి. కిటికీ అద్దం వెనుక కూర్చుంటే అందవు. వయసు పెరిగినకొద్దీ చర్మానికి విటమిన్ డి తయారుచేసే శక్తి తగ్గుతుంది.

కాబట్టి చలికాలంలోను, వానలు లేని రోజుల్లోను ఉదయం పది, పదకొండు గంటల మధ్య చేతులు, కాళ్ళు, వీపు కొంత భాగం ఎండ తగిలేలా పదిహేను ఇరవై నిమిషాలు ఉండండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పెద్దవారు ఎండ కోసమని మధ్యాహ్నం బయటకు రావద్దు. మన ప్రాంతపు ఉక్కపోతలో వడదెబ్బ త్వరగా తగులుతుంది. ఆ నెలల్లో తొమ్మిది గంటల ప్రాంతంలో కొద్దిసేపు చాలు.

మనకు రోజుకు ఎంత కావాలి? ఎంత తింటున్నాము?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన లెక్క ప్రకారం పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ముట్లు ఆగిన స్త్రీలకు 1200 మి.గ్రా. కావాలి. విటమిన్ డి పెద్దవారికి 600 యూనిట్లు, అరవై దాటినవారికి 800 యూనిట్లు.

ఇప్పుడు మన డెల్టాలో ఒక మామ్మగారి రోజువారీ భోజనం లెక్క వేద్దాము. కాటన్ దొరగారి ఆనకట్ట వచ్చిన నాటి నుండి మనది వరి సీమ. కాని తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో 100 గ్రాములకు సుమారు 10 మి.గ్రా. కాల్షియమే ఉంటుంది. రోజంతా తినే అన్నంలో 30 మి.గ్రా. రెండుసార్లు కాఫీలో పోసిన పాలలో 120. పప్పులో 40. పలుచని మజ్జిగలో 60. కూరల్లో 50. మొత్తం కలిపితే 300 మి.గ్రా. కావలసినది 1200. అంటే నాలుగో వంతు మాత్రమే అందుతున్నది.

దీనికి ఏమేమి చేర్చవచ్చునో చూడండి:

- ఒక గ్లాసు పాలు (200 మి.లీ.) – సుమారు 240 మి.గ్రా.
- ఒక కప్పు గట్టి పెరుగు (150 గ్రాములు) – సుమారు 180 మి.గ్రా.
- చోడిపిండి జావ (పిండి 30 గ్రాములు) – సుమారు 100 మి.గ్రా.
- మునగాకు పప్పులోనో, వేపుడులోనో (ఆకు 50 గ్రాములు) – సుమారు 150 మి.గ్రా.

ఈ నాలుగూ కలిపి 670 మి.గ్రా. పాత 300తో కలిపితే 970. మిగిలిన లోటు 230 మాత్రమే. నువ్వుల పొడి, నువ్వుండలలో కాల్షియం బాగా ఉంది. షుగరు ఉన్నవారు ఉండలు కాకుండా పొడి వాడుకోవాలి. పాలు పడనివారికి పెరుగు సాధారణంగా పడుతుంది.

చేపలు తినేవారికి మరొక మార్గం. పెద్ద చేపలో ముల్లు తీసి పారేస్తాము కాబట్టి కాల్షియం అంతగా రాదు. ముల్లుతో సహా నమిలి తినే చిన్న చేపల్లో వస్తుంది. నెత్తళ్ళు, మన గోదావరి పాయల్లో దొరికే చీరమేను అటువంటివి. పులస వంటి కొవ్వు ఉన్న చేపల్లో విటమిన్ డి కూడా కొంత ఉంటుంది గాని, పులస రోజూ తినేది కాదు కదా! ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ కాబట్టి బి.పి., మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వాటికి దూరంగా ఉండాలి.

చోళ్ళను నానబెట్టి మొలకెత్తించినా, పిండి పులియబెట్టి అంబలి కాచినా ఫైటేట్ తగ్గి కాల్షియం బాగా వంటబడుతుంది. పాలకూరలో కాల్షియం ఉన్నా అందులోని ఆక్సలేట్ దానిని వంటబట్టనీయదు. దానికన్నా మునగాకు మేలు. "తాంబూలంలో సున్నం వేసుకుంటున్నాను కదండీ" అంటారు కొందరు తాతగార్లు. దానిని కాల్షియం లెక్కలో వేసుకోకండి. వక్క, పొగాకు, జర్దాతో నోటి కాన్సరు వస్తుంది. చుట్ట, సిగరెట్టు, సారా ఎముకలను కూడా తినేస్తాయి.

బిళ్ళలు అందరికీ అవసరమా?

ఇక్కడ ఉన్నదున్నట్టు చెప్పాలి. బిళ్ళ మింగితే ఎముక విరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

1992లో ఫ్రాన్సులో వృద్ధాశ్రమాలలోని 3,270 మంది స్త్రీలపై జరిగిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. రోజూ 1200 మి.గ్రా. కాల్షియం, 800 యూనిట్ల విటమిన్ డి ఇచ్చినవారిలో తుంటి ఎముక విరగడం బాగా తగ్గింది. వారు బయట ఎండకు రానివారు, విటమిన్ డి తక్కువగా ఉన్నవారు. 2006లో అమెరికాలో 36,282 మంది స్త్రీలపై జరిగిన పరిశోధనలో ఎముక సాంద్రత కొద్దిగా పెరిగింది గాని తుంటి విరుగుళ్ళు చెప్పుకోదగినంత తగ్గలేదు. పైగా మూత్రపిండాల్లో రాళ్ళు 17 శాతం పెరిగాయి. 2022లో అక్కడే దాదాపు 26,000 మందిపై జరిగిన మరో పరిశోధనలో, ఆరోగ్యంగా ఉన్నవారికి రోజూ 2000 యూనిట్ల విటమిన్ డి ఇచ్చినా విరుగుళ్ళు తగ్గలేదు. ఆస్ట్రేలియాలో ఏడాదికి ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే, పడిపోవడాలు, విరుగుళ్ళు పెరిగాయని 2010లో తేలింది.

వీటి నుండి మనం నేర్చుకోవలసినది ఏమంటే, లోటు ఉన్నవారికి లోటు తీర్చడం మంచిది. లోటు లేనివారికి ఎక్కువ పోయడం వల్ల లాభం లేదు, ఒక్కోసారి నష్టం కూడా.

సాధారణంగా డాక్టరుగారు ఈ క్రింది వారికి బిళ్ళలు రాస్తారు: మంచం పట్టి బయటకు రాలేనివారు, పాలు పెరుగు తినలేనివారు, పరీక్షలో విటమిన్ డి బాగా తక్కువ ఉన్నవారు, చిన్న దెబ్బకే ఎముక విరిగినవారు, మూర్ఛ మందులు లేక స్టెరాయిడ్లు చాలాకాలంగా వాడేవారు, ఎముకలు గుల్లబారినందుకు మందు తీసుకుంటున్నవారు. డెబ్బై అయిదు దాటినవారికి విటమిన్ డి మేలని, ఆరోగ్యంగా ఉన్న పెద్దలందరికీ దాని రక్తపరీక్ష అవసరం లేదని 2024లో అమెరికా ఎండోక్రైన్ సొసైటీ సూచించింది. కాబట్టి ప్రతి ఒక్కరూ డబ్బు పెట్టి పరీక్ష చేయించుకోనక్కరలేదు.

ఒకసారి ఎముక విరిగినవారికి కాల్షియం ఒక్కటే చాలదు. వారానికొకసారి వేసుకునే అలెండ్రోనేట్, ఏడాదికొకసారి ఇచ్చే జోలెడ్రోనిక్ ఆసిడ్ ఇంజక్షను వంటి మందులు ఉన్నాయి. ఆ సంగతి తప్పక అడగండి. డెక్సా అనే స్కానింగ్‌లో టి-స్కోరు మైనస్ 2.5 లేక అంతకన్నా తక్కువ వస్తే ఆస్టియోపోరోసిస్ అంటారు. ఉచిత శిబిరాలలో మడమ మీద పెట్టి చూసే చిన్న మిషను సూచన మాత్రమే ఇస్తుంది. ఆ చీటీ చూసి సంచి నిండా మందులు కొనకండి.

మోకాళ్ళ నొప్పి మాట. అది ఎక్కువగా కీలులోని మృదులాస్థి అరగడం వల్ల వస్తుంది. కాల్షియం దానిని తగ్గించదు. నొప్పులకని ఊళ్ళో ఇచ్చే పేరు తెలియని బిళ్ళలు, సూదులలో స్టెరాయిడ్ ఉండవచ్చు. మూడు రోజుల్లో నొప్పి మాయమవుతుంది, నెలల్లో ఎముక గుల్ల అవుతుంది. చాలాకాలంగా వాడుతుంటే ఒక్కసారిగా మానకండి, అదీ ప్రమాదమే. ఆ బిళ్ళలు తెచ్చి డాక్టరుగారికి చూపించండి.

బిళ్ళ వేసుకునే పద్ధతి

1. కాల్షియం కార్బొనేట్ బిళ్ళ అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. 1250 మి.గ్రా. బిళ్ళలో శరీరానికి పనికివచ్చే కాల్షియం 500 మి.గ్రా. ఉంటుంది.
2. కాల్షియం సిట్రేట్ ఎప్పుడైనా వేసుకోవచ్చు. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ వంటి గ్యాసు బిళ్ళలు రోజూ వాడేవారికి ఇది మేలు.
3. ఒకేసారి 500 మి.గ్రా. మించి వేసుకుంటే వంటబట్టదు. రెండు బిళ్ళలు రాస్తే మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి.
4. థైరాయిడ్ బిళ్ళకు, కాల్షియానికి నాలుగు గంటల ఎడం ఉండాలి. ఐరన్ బిళ్ళకు, సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ వంటి మందులకు కనీసం రెండు గంటలు.
5. అలెండ్రోనేట్ పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్ళతో వేసుకుని, అరగంట పడుకోకూడదు, ఏమీ తినకూడదు. కాల్షియం ఆ తరువాతే.
6. విటమిన్ డి 60,000 యూనిట్ల ప్యాకెట్ లేక గొట్టం బిళ్ళ సాధారణంగా వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు, తరువాత డాక్టరుగారు చెబితే నెలకు ఒకటి. రోజూ కాదు. పెద్దవారికి రోజుకు హద్దు 4000 యూనిట్లు. రోజూ ఒక ప్యాకెట్ అంటే హద్దుకు పదిహేను రెట్లు. ఇది కొవ్వులో నిలవ ఉంటుంది కాబట్టి ఆపిన తరువాత కూడా వారాల తరబడి విషంలా పనిచేస్తుంది.
7. మూత్రపిండాల జబ్బు, రాళ్ళు ఉన్నవారు, గుండెకు డిగాక్సిన్, బి.పి.కి థయజైడ్ రకం మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా కాల్షియం, విటమిన్ డి మొదలుపెట్టకూడదు. రాళ్ళు ఉన్నాయని పాలు, పెరుగు మానడం మాత్రం పొరపాటు. ఆహారంలోని కాల్షియం రాళ్ళను పెంచదు.

వారానికి ఒక్కసారి వేసుకునేది మరచిపోకుండా ఉండాలంటే, ఆదివారం గుడి నుండి వచ్చి భోజనం చేశాక వేసుకోండి. వెంటనే గోడమీద క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ గీత గీయండి. గీత ఉంటే మరొకటి లేదు. ప్యాకెట్లు ఒకరి దగ్గరే ఉంచండి. కొడుకు ఒక షాపులో, కూతురు ఒక షాపులో కొని తెస్తే రెండు పేర్లతో ఒకే మందు రెండుసార్లు లోపలికి పోతుంది.

ఈ మందులు వాడుతున్నవారికి వాంతులు, అతి దాహం, ఎక్కువసార్లు మూత్రం, మలబద్ధకం, మగత, మాట తడబడడం కనిపిస్తే బిళ్ళలు ఆపి, మందుల సంచితో సహా వెంటనే ఆసుపత్రికి రండి.

పడకుండా చూసుకోవడమే సగం వైద్యం

తుంటి ఎముక విరగడానికి మామూలు కారణం పడిపోవడం. వానాకాలంలో మన పెరళ్ళలో, నూతి గట్టు మీద, కాలవ రేవు మెట్ల మీద పాచి పడుతుంది. బ్లీచింగ్ చల్లి రుద్దించండి. స్నానాల గదిలో గోడకు పట్టుకునే కడ్డీ పెట్టించండి. రాత్రి మూత్రానికి లేచే దారిలో చిన్న లైటు ఉంచండి. అరిగిన చెప్పులు మార్చండి. శుక్లాలు ఉంటే ఆపరేషను వాయిదా వేయకండి. నిద్రమాత్రలు సొంతంగా వాడకండి. రోజూ అరగంట నడవండి. కుర్చీలో నుండి చేతులు ఆన్చకుండా పదిసార్లు లేచి కూర్చోవడం తొడలకు బలం, నడకకు నిలకడ ఇస్తుంది. ముందు కొన్నాళ్ళు పక్కన ఎవరినైనా ఉంచుకోండి.

పెద్దవారు పడి లేవలేకపోయినా, ఒక కాలు పొట్టిగా అయి పాదం బయటికి తిరిగినా తుంటి విరిగిందని అనుకోవాలి. తైలం రాయకండి, లాగకండి, పసరు కట్టు కట్టించకండి. కదపకుండా పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. ఆపరేషను ఎంత త్వరగా జరిగితే అంత మంచిది. నెలల తరబడి మంచంలో ఉంచితే పుండ్లు, నిమ్ము, కాలిలో రక్తం గడ్డలు ప్రాణం మీదికి తెస్తాయి. ఆపరేషను తరువాత వాకరు పట్టుకుని నడిచి ఇంటికి వెళ్ళిన వారిని నేను ఎందరినో చూశాను.

చివరగా ఒక్క మాట. ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఇంట్లో పెద్దవారు వాడే మందులన్నీ, ఖాళీ అట్టలతో సహా, ఒక సంచిలో వేసి తీసుకురండి. ఏది రోజూ, ఏది వారానికి, ఏది అసలు అక్కరలేదో మా సిస్టర్లు మీ ఎదుట కూర్చుని తెలుగులో రాసి ఇస్తారు. అడగడానికి మొహమాటపడకండి. ఆ కోడలు కూడా ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

– నర్సింగ్ సూపరింటెండెంట్